బయటికి పోని మాట

నేను ఒక ఫోన్ సర్వర్‌ని. ఒకేసారి వందమంది నాలోంచి మాట్లాడుకోవచ్చని ఫ్యాక్టరీవాళ్లు నా అట్టపెట్టె మీద అచ్చు వేశారు. ఆ సత్తా ఇప్పటికీ ఉంది. అయినా భీమవరంలో ఒక గోడౌన్‌లో, రొయ్యల మేత బస్తాల మధ్య పడి ఉన్నాను. నేను పాడవలేదు. మాటలు తెగిపోతున్నాయి కనుక పాడయ్యానని నా యజమాని నమ్మారు, అంతే.

ఆయన రామభద్రరాజు గారు. రొయ్యల మేత, మందులు అమ్మే కంపెనీ ఆయనది. రైతులు ఫోన్ చేసి సలహా అడగడానికి ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టించారు. నన్ను బిగించడానికి వచ్చిన ఇంజినీరు ఖాదర్ మొదటే అడిగాడు.

"ఒకే సమయంలో ఎంతమంది లైన్లో ఉంటారండీ? దాన్నిబట్టే ఇంటర్నెట్ లైను తీసుకోవాలి. లోపలికొచ్చే దారి ఎంతో, బయటికెళ్లే దారీ అంతే ఉండాలి."

రాజుగారు నవ్వారు. "మనం ఎవరికి చేస్తామయ్యా? రైతులే మనకి చేస్తారు. వచ్చేదానికి వెడల్పుంటే సరిపోద్ది."

"వాళ్లు చేసినా జవాబు మనమే చెప్పాలి కదండీ."

"లైను అమ్ముకోడానికొచ్చావా, పని చెయ్యడానికొచ్చావా? తేల్చుకో."

ఖాదర్ తేల్చుకున్నాడు. తలూపి పని ముగించాడు. తెలిసినవాళ్లు నోరు మూసుకోవడానికి మర్యాద అని పేరు పెట్టుకుంటారు.

బయటికెళ్లే ఆ ఇరుకు దారిలోకే రాజుగారు కెమెరాలు కూడా తోలారు. ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని సెల్‌ఫోన్‌లో ఆఫీసును చూడటం ఆయనకు టిఫిన్ కంటే ఇష్టం. ఆయన చూస్తున్నంతసేపూ ఆ బొమ్మలు బయటి దారిని నింపేసేవి. రైతు గొంతు మాకు ఖంగుమని వినిపించేది. మా వాళ్ల జవాబు ముక్కలై దారిలోనే రాలిపోయేది. ఆయన ఆఫీసుకు వచ్చిన రోజు మాత్రం, చూసేవారు లేక, లైన్లు శుభ్రంగా ఉండేవి. తాను ఎదురుగా ఉంటేనే జనం పని చేస్తారని ఆయన దానికి అర్థం చెప్పుకున్నారు.

దెబ్బ ఎస్తేరు మీద పడింది. రైతులకు సలహాలు చెప్పేది ఆమే. ఆ జీతంతోనే ఆమె ఇల్లు నడుస్తోంది. ఒకరోజు రాజుగారు ఆమె బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"పొద్దస్తమానం హలో హలో అనడానికా నీకు జీతం?"

"నా మాట అటు వెళ్లట్లేదండి. మీరు ఇక్కడున్నప్పుడు బాగానే వెళ్తోంది. ఒక్క పూట కెమెరాలు ఆపి చూడండి సార్."

"ఆపితే నీకు హాయిగానే ఉంటాదిలే! ఈ వారం చూస్తాను. మారకపోతే మానేద్దువుగాని."

గొంతులు మోయడమే నా పని కనుక ఆ గొంతులోని తృప్తి నాకు తెలిసింది. అందరూ తనను మోసం చేస్తారని ఏళ్ల తరబడి కాచుకున్న మనిషికి, ఒక మోసగత్తె దొరికితే కలిగే తృప్తి అది. దాన్ని ఆయన జాగ్రత్త అనుకున్నారు.

ఆ వారంలోనే ఆమె ముఖానికి ఎదురుగా ఇంకో కెమెరా పెట్టమని మనిషిని పంపారు. అతను తీగలు కలపడానికి కెమెరాలన్నీ ఆపాడు. సరిగ్గా అప్పుడే ఒక రైతు ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, రొయ్యలు పైకి తేలిపోతన్నాయే! చెరువంతా పోయేలా ఉంది!"

"కంగారు పడకండి బాబాయిగారూ. ఏరేటర్లన్నీ వెయ్యండి, నీళ్లకి గాలి అందాలి. మేత ఆపేయండి. ఆక్సిజన్ మాత్రలు చల్లండి. నేను లైన్లోనే ఉంటాను."

ప్రతి మాటా చెక్కుచెదరకుండా వెళ్లింది. రొయ్యలు కిందికి దిగాయని అతను చెప్పేదాకా ఆమె ఫోన్ వదల్లేదు. తర్వాత, గొంతు ఆరిపోయి, మంచినీళ్లకు లేచింది.

కెమెరాలు వెలిగాయి. రాజుగారికి ఖాళీ కుర్చీ కనిపించింది. ఆ బొమ్మ చూస్తూనే, వెంటనే ఆఫీసుకు ఫోన్ చేశారు. ఎస్తేరు పరుగున వచ్చి ఎత్తింది.

"కెమెరా ఆగిందో లేదో లేచి వెళ్లిపోయావన్నమాట. రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆ మాట ఒక్క అక్షరం తెగకుండా ఆమెకు చేరింది. ఇప్పుడే ఒక రైతు చెరువు నిలబెట్టానని, నమ్మకపోతే ఆయన్నే అడగమని ఆమె చెప్పింది. మళ్లీ చెప్పింది. అందులో ఒక్క ముక్క కూడా నేను బయటికి పంపలేకపోయాను.

కొత్త కెమెరాలో ఆమె పెదవులు కదలడం మాత్రం రాజుగారికి ఎంతో స్పష్టంగా కనిపించింది.