ఆఖరి చెయ్యి

ఆటో సీటు రెక్సిన్ మీద చివరి కుట్టు పడగానే నాగరాణి మిషన్ చక్రాన్ని అరచేత్తో ఆపి, దారాన్ని పళ్ళతో కొరికింది. కత్తెర పక్కనే ఉంది. కానీ దారం గట్టిదో కాదో పంటికి తెలిసినట్టు కత్తెరకు తెలియదని ఆమె నమ్మకం. కుట్టిన అంచును రెండు చేతులా పట్టుకుని లాగింది. ఊడలేదు. మళ్ళీ లాగింది. రేపు ఈ సీటు మీద బడిపిల్లలు కూర్చుంటారు, ఆటో గుంతలో పడుతుంది, కుట్టు విడుతుంది, ఏ చిన్నపిల్లో జారి రోడ్డు మీద... అంతవరకు వెళ్ళి, మూడోసారి కూడా లాగి చూసి, అప్పుడు సీటును పక్కన పెట్టింది.

తాండూరులో తెల్లారిందంటే బండలు మోసే లారీలదే రాజ్యం. షట్టర్ తీసిన గంటకల్లా మిషన్ మీద సున్నం చల్లినట్టు దుమ్ము పేరుకుంటుంది. దాన్ని కొంగుతో తుడిచి, మిషన్‌కు గోనె కప్పి, నాగరాణి దుకాణం మూసింది. పక్కనే ఉన్న ఇస్మాయిల్ మెకానిక్ షాపు ఆ రోజు తెరవనే లేదు. ఇస్మాయిల్, అతని దగ్గర పనిచేసే నాగరాణి కూతురు పూజిత, ఇద్దరూ పొద్దున్నే బండి మీద ధారూరు వైపు వెళ్ళిపోయారు. డాక్టరమ్మ విమానం అక్కడే ఉంది.

బస్టాండు దాకా వచ్చాక గ్యాస్ బంద్ చేశానా లేదా అని అనుమానం వచ్చింది. ఇంటికి వెనక్కి నడిచింది. బంద్ చేసే ఉంది. రాత్రంతా క్వారీ దగ్గర కాపలా కాసి వచ్చిన మల్లప్ప గురక పెడుతున్నాడు. భర్త ముక్కు దగ్గర వేలు పెట్టి, గాలి ఆడుతోందని నిర్ధారణ చేసుకుని మళ్ళీ బయల్దేరింది. గురక పెడుతున్న మనిషికి ఊపిరి ఉందో లేదో చూడడం ఏమిటని ఎవరైనా నవ్వొచ్చు. చూడకపోతే మాత్రం బస్సెక్కలేదు.

వికారాబాద్ బస్సులో ఆమె ఎప్పుడూ నడిమి సీట్లోనే, లోపలి వైపు కూర్చుంటుంది. కిటికీ పక్కనైతే లారీ గీసుకుపోతుంది, ముందైతే అద్దం పగులుతుంది, వెనకైతే ఎగిరి పడతాం. ఒళ్ళో సంచి. సంచిలో అందరికీ జొన్నరొట్టెలు, పుంటికూర, పల్లికారం. వాటి అడుగున కాగితం పొట్లంలో పసుపూ కుంకుమా.

ఈ భయం ఆమెకు కొత్తగా పట్టింది కాదు. పుట్టిల్లు బంట్వారం. తండ్రికి మేకల మంద ఉండేది. పొద్దు గూకగానే మందను దొడ్లోకి తోలుతూ మేకల్ని లెక్కపెట్టడం చిన్నప్పుడు ఆమె పని. ఒక్కటి తక్కువైతే ఇల్లంతా కందిచేలల్లోకి పరుగు. దొరికేదాకా ఎవరి నోట్లోకీ ముద్ద దిగేది కాదు. ఆ లెక్క ఆమెలో ఆగలేదు. పెళ్ళై తాండూరు వచ్చింది, పప్పుమిల్లులో గోనెసంచులు కుట్టింది, మిషన్ కొనుక్కుని ట్రాక్టరు టాపులకూ ఆటో సీట్లకూ మళ్ళింది. కానీ రోజూ పొద్దు గూకే వేళ లోపల ఎవరో లెక్కపెడుతూనే ఉంటారు. ఇప్పుడు మందలో పూజిత ఒక్కతే ఉంది. అందుకే భయం మరీ ఎక్కువ.

పూజిత పాకే వయసులో రోడ్డు మీదికి పోతుందేమోనని, చీరకొంగు చించి పిల్ల నడుముకు కట్టి, రెండో కొసను మిషన్ కాలికి ముడేసేది. పిల్ల చూడ్డానికి ఏముంది? తిరిగే చక్రం, ఊగే పెడలు, అవతల ఇస్మాయిల్ విప్పి పరిచిన ఇంజన్లు. తల్లి భయపడి కట్టేసిన చోటే పిల్లకు మెకానిక్కు పిచ్చి పట్టింది. ఐటీఐ చదివి నేరుగా ఆ షాపులోనే చేరింది.

డాక్టర్ అరుణాదేవి వికారాబాద్‌లో పళ్ళ డాక్టరు. విమానం నడపడం ఎక్కడో నేర్చుకుని, లైసెన్సు కూడా తీసుకుంది. ఎక్కడో మూతపడ్డ క్లబ్బు నుంచి ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని కొని లారీ మీద తెచ్చి, బాగుచేసే పని ఇస్మాయిల్‌కు అప్పగించింది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాగరాణికి ఈకలు పీకిన కోడి గుర్తొచ్చింది. అల్యూమినియం గొట్టాలు, తుప్పు తీగలు, పాత స్కూటర్‌లా పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే ఇంజను. రెక్కల మీది గుడ్డ ఎండకు మాడి, వేలు పెడితే చిరిగిపోయేది.

"గిది దిండు గలీబు లెక్కనే చెల్లె," అన్నాడు ఇస్మాయిల్, కొత్త గుడ్డ తాను ఆమె ముందు పెట్టి. "కుట్టి, గొట్టాలకు తొడుగుడే. నీకు ఎంతసేపు?"

"దీని కింద మనిషి కూసుంటడా?"

"కూసోకపోతే దేనికి మరి?"

"నాతోని కాదన్నా."

"సరే తీ. హైదరాబాద్‌ల ఎవలతోనన్న కుట్టిస్త."

ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, ఏ ధ్యాసలో ఉండో కుట్టిన రెక్క కింద తన బిడ్డ పొద్దస్తమానం తిరుగుతుంది. ఆ ఆలోచన రాగానే నాగరాణి గుడ్డ తానును లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. వానాకాలమంతా కుట్టింది. జిగ్‌జాగ్ కుట్టు, వరసకు వరస. కుట్టిన ప్రతి మూరనూ కాలితో తొక్కిపట్టి లాగింది.

ఇప్పుడు ఆ రెక్కలు డాక్టరమ్మ మామిడితోట పక్కన, విమానం పరుగెత్తడానికి మొరం మట్టి పరిచిన దారి మీద, తెల్లగా ఎండలో మెరుస్తున్నాయి. చుట్టూ కంది పసుపుపచ్చగా పూసి ఉంది. డాక్టరమ్మ ఒంటరిగా, పక్కసీట్లో మనిషి బరువుకు బదులు ఇసుకబస్తా కట్టుకుని, చాలాసార్లు ఎగిరి దిగింది కూడా. ఆ ఎగిరిన రోజుల్లో నాగరాణి తాండూరులో తలుపు వేసుకుని కూర్చునేది. ఈ రోజు మాత్రం తప్పకుండా రావాలని పూజిత పట్టుబట్టింది, ఎందుకో చెప్పలేదు.

నాగరాణి చేరేసరికి పూజిత విమానం కింద వెల్లకిలా పడుకుని ఉంది. బిగించిన ప్రతి నట్టు మీదా ఎర్రటి గోళ్ళరంగుతో సన్నటి గీత గీస్తోంది. నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. పని ముగించి బయటికొచ్చిన పిల్ల జడ బిగించి వేసుకుంది. కొత్త బూట్లు వేసుకుంది. 

"ఏందే గీ ముస్తాబు?"

"ఇయ్యాల ఇసుకబస్త తీసేస్తున్నమే అమ్మా. మనిషిని ఎక్కిస్తున్నం."

"ఏ మనిషిని?"

పూజిత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. జవాబు ఇస్మాయిల్ ఇచ్చాడు. "మా షాపు రివాజు నీకు ఎరికే కద చెల్లె. బండికి ఆఖరి చెయ్యి ఎవరిదైతే మొదటి చక్కర్ వాళ్ళదే. గట్లయితేనే ఎవడు గూడ నట్టు లూజు వదిలిపెట్టడు. ఆఖరి నట్టు పూజి బిగించింది."

ఆ రివాజు నాగరాణికి బాగా తెలుసు. బ్రేకులు బాగుచేసిన పిల్లను ఆ బండే ఎక్కించి రైల్వేగేటు దాకా పంపినప్పుడల్లా ఆమె దుకాణం ముందు నిలబడి ఎదురుచూసేది. కానీ అది నేల మీద.  వద్దంటే అపశకునం. వాళ్ళు ముగ్గురూ తోటలో బావి మోటారు దగ్గర పెట్రోల్లో ఆయిల్ కలుపుకుంటుంటే, పొట్లం విప్పి, అరచేతిలో పసుపు తడిపి, విమానం చుట్టూ తిరిగింది. చక్రాలకు బొట్టు. తలుపులేని గుమ్మానికి బొట్టు. పంకా మధ్యలో బొట్టు. మూతి దగ్గర పెన్నంత గొట్టం ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. అన్నిటికంటే ముందు గాలికి ఎదురుపోయేది అదే కదా అని, ఉంగరపు వేలితో దానికి కాస్త ఎక్కువే దట్టించి, పైన కుంకుమ అద్దింది. ఆమె పెదవులు కదిలాయి. ఏం మొక్కుకుందో అనంతగిరి పద్మనాభస్వామికే తెలియాలి.

ఎగిరే ముందు ప్రతిసారీ డాక్టరమ్మ ఒంటరిగా, నేల మీదనే, ఆ చివరిదాకా వేగంగా నడిపి తెస్తుంది. అది ఆమె పద్ధతి. ఇంజను గట్టిగా అరిచింది. విమానం దుమ్ము లేపుకుంటూ వెళ్ళింది, తిరిగి వచ్చింది. ఇంజను ఆపి దిగిన డాక్టరమ్మ ముఖం చిన్నబోయి ఉంది.

"స్పీడు ముల్లు కదలట్లేదు ఇస్మాయిల్. సున్నా మీదే ఉంది. ఇట్లయితే ఎగరలేం."

పూజిత రయ్యిన లోపలికి దూరింది. మీటరు వెనక రబ్బరు పైపులు విప్పి చూసింది. బాగున్నాయి. ఇస్మాయిల్ పైపు వెంబడి వేలు జరుపుకుంటూ మూతిదాకా వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వంగి చూశాడు.

"అరె! గిదేంది, పసుపు?"

ఎండకు ఆరి, గట్టి బిరడాలా కూర్చుంది. ఆ గొట్టంలోకి గాలి పోతేనే ముల్లు లేస్తుంది. ముగ్గురూ ఒకేసారి నాగరాణి వైపు తిరిగారు. చేతులు వెనక్కి దాచుకుంది గానీ పసుపు చీరకంచుకు కూడా అంటి ఉంది.

"బొట్టు పెట్టిన," అంది.  "మీరు నట్టు నట్టుకు ఎర్రబొట్టు పెడితే లేంది, నేను పెడితేనే తప్పయ్యిందా?"

"అది బొట్టు కాదమ్మా, గుర్తు!" అని పూజిత నెత్తి కొట్టుకుంది.

డాక్టరమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. కారులోంచి తన పెట్టె తెచ్చి, పళ్ళ సందులు చూసే సన్నటి కొక్కెం తీసి, విమానం మూతి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నోరు తెరువు... ఇంకొంచెం... నొప్పి లేదు కదా?" అంటూ పసుపును పొడిపొడిగా తీసేసింది. ఇస్మాయిల్ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. మళ్ళీ ఒకసారి నేల మీద నడిపి చూశారు. ముల్లు చక్కగా లేచింది, చక్కగా దిగింది.

"పద పూజితా," అంది డాక్టరమ్మ.

"ఆగుండ్రి," అంది నాగరాణి.

ఆ మాట తానే అన్నదని ఆమెకు ఒక క్షణం తర్వాత తెలిసింది. పసుపు చేతిని అందరికీ కనిపించేలా పైకెత్తింది. "పూజి నట్టు బిగించినంక నేను బొట్టు పెట్టిన. ఆఖరి చెయ్యి నాదే కద అన్నా? నీ షాపు రివాజు నువ్వే చెప్పినవు."

"అమ్మా, బొట్టు రిపేరు కాదే!"

"కాకపోతే మీటర్ ఎట్ల ఖరాబైంది? ఖరాబు జేసేటంత పనైతే అది పనే గద!"

ఇస్మాయిల్ గడ్డం గోక్కున్నాడు. "బాత్ తో సహీ హై," అన్నాడు. "నీ మాట నిజమే. ఆఖరుకు మేడం చెయ్యి తాకింది గని, మేడం ఎట్లయినా పైకే పోతది. ఆమెను ఇడిస్తే నీదే చెల్లె."

పూజిత మొహం వాడిపోయింది. వానాకాలం నుంచీ ఆ సీటు కోసమే గ్రీజులో మునిగింది పిల్ల. నాగరాణి అది చూసింది. చూసి కూడా తగ్గలేదు. పసితనంలో పాలు పట్టే ముందు, వేడిగా ఉన్నాయేమోనని మొదటి చుక్క తన మణికట్టు మీద వేసుకునేది. ఇది అంతే. పడితే ముందు తను పడాలి.

"నువ్వు బస్సుల కిటికి కాడ గూడ కూసోవు," అంది పూజిత, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "పైకి పోయి ఏం జేస్తవే?"

"కుట్లు చూసొస్త. నేను దిగినంక నువ్వు పో. ఎవలొద్దన్నరు?"

 పూజిత దగ్గరికొచ్చి, తల్లి కొంగును నడుం చుట్టూ దోపి, సీటు పట్టీలు తనే బిగించింది. ఒకసారి లాగింది. మళ్ళీ లాగింది. మూడోసారి కూడా లాగి చూసి, అప్పుడు వదిలింది.

మొరం దారి కిందినుంచి గరగరా పరుగెత్తింది. నాగరాణి కళ్ళు మూసుకుని గొట్టాన్ని పట్టుకుంది. గరగర ఆగిపోయింది. ఏదో విరిగిందనుకుంది. కళ్ళు తెరిస్తే నేల లేదు.

మొదట నెత్తి మీద రెక్కనే చూసింది. గుడ్డ డప్పులా బిగిసి ఉంది, ఎండ దానిలోంచి దిగుతోంది. ఆమె వేసిన కుట్లు ఒక్కొక్కటీ వరసలో నిలబడి ఉన్నాయి. అప్పుడు మెల్లగా కిందికి చూసింది. పూసిన కందిచేలు. కోట్‌పల్లి చెరువు నీళ్ళు. అనంతగిరి అడవి నల్లగా, పచ్చగా. ఒక గట్టు వెంట ఎవరిదో మేకల మంద. ఒక్క చూపులో మొత్తం మంద కనిపించింది. లెక్కపెట్టబోయి ఆగిపోయింది. తప్పిపోవడానికి చోటెక్కడుంది? అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి.

రావాల్సిన భయం ఇంకా రాలేదు. దాని కోసం కాసేపు ఎదురుచూసింది. మామిడితోట పక్కన, గట్టి నేల మీద, చేతులు ఊపుతూ గెంతుతున్న పిల్ల కనిపించింది. పిల్లను తొక్కే లారీ లేదు, జారే గుంత లేదు. జరగాల్సిందేదైనా ఉంటే అది ఇక్కడే, తన దగ్గరే ఉంది. పూజిత పుట్టిన నాటి నుంచి ఇంత నిమ్మళంగా నాగరాణి ఎప్పుడూ కూర్చోలేదు.

"భయమేస్తోందా? దింపనా?" చెవులకు పెట్టిన డబ్బాల్లో డాక్టరమ్మ గొంతు.

"దించకుండ్రి మేడం!" అని అరిచింది నాగరాణి. తోటలో వాళ్ళకు కూడా వినిపించాలన్నంత గట్టిగా అరిచింది. నవ్వు వచ్చింది. మొహానికి కొట్టే గాలికి ఆ నవ్వు నోట్లోకే తిరిగి వస్తుంటే ఇంకా నవ్వింది. "జర అనంతగిరి దాంక పోదామా? ఒక్క చక్కర్!"

డాక్టరమ్మ విమానాన్ని వంచి, తోట మీదుగా తక్కువ ఎత్తులో ఒకసారి తిప్పింది. ఇస్మాయిల్ తెల్లటోపీ తీసి ఊపాడు. పూజిత నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి ఏదో అరుస్తోంది. అరికాళ్ళకు చల్లటి గాలి తగిలి నాగరాణి తన కాళ్ళ వైపు చూసుకుంది. వట్టి కాళ్ళు. చెప్పులు గడప ముందు విడిచినట్టు ఎప్పుడు విడిచిందో, ఎలా విడిచిందో ఆమెకే తెలియదు. విమానం కొండల వైపు తిరిగింది. వెనక మొరం దారి మొదట్లో, చక్రాల జాడ పక్కనే, నీలం పట్టీల హవాయి చెప్పులు రెండు ఒకదాని పక్కన ఒకటి సర్దినట్టుగా ఉన్నాయి.