ఇరవై ఒకటో పొర

2026 మార్చి 14, శనివారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు గ్లాస్గోలోని ఒక చర్చి హాల్లో కొమ్మూరి సరోజ తన దగ్గర నలగకుండా మిగిలిన ఒకే ఒక గుల్లను అరగదీయడం మొదలుపెట్టింది. భూగర్భశాస్త్ర సంఘం సభ్యులు పద్నాలుగు మంది కుర్చీలు లాక్కుని బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆమెకు ఎదురుగా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పిన డాక్టర్ పార్థసారథి కూర్చున్నారు. సాయంత్రానికి గుల్ల పొడైపోతుందని అందరికీ తెలుసు.

సరోజది తెనాలి. వయసు యాభై రెండు. ఇరవై మూడేళ్ళుగా గ్లాస్గోలో ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తోంది. సర్జన్లు తీసిన ముక్కల్ని మైనంలో బిగించి, పొరలుగా కోసి, గాజు పలకల మీదికి ఎక్కిస్తుంది. రిపోర్టు మీద సంతకం డాక్టరుది. ఆమె పేరు ఎక్కడా ఉండదు.

రెండేళ్ళ కిందట సంఘంతో తూర్పు తీరంలోని డన్‌బార్ ఒడ్డుకు వెళ్ళినప్పుడు సున్నపురాతి పొరలో ఆమెకు ఏడు గుల్లలు దొరికాయి. ముప్పై మూడు కోట్ల ఏళ్ళ నాటివి. బ్రాకియోపాడ్లు. చూస్తే ఆల్చిప్ప అనుకుంటాం గానీ, ఆల్చిప్పతో వాటికి చుట్టరికం లేదు. ఆల్చిప్పకు చిప్పలు కుడి ఎడమల ఉంటాయి. వీటికి పైన ఒకటి, కింద ఒకటి. పెద్ద చిప్ప ముక్కు దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి కాడ బయటికొచ్చి రాయిని పట్టుకుంటుంది. లోపల నూగున్న చెయ్యి ఒకటి నీళ్ళలోంచి మేతను వడగట్టుకుంటుంది. ఆ చేతికి ఆసరాగా సున్నపు పట్టీ ఉంటుంది.

తగాదా ఆ పట్టీ గురించే. కొన్ని జాతుల్లో అది ఉచ్చులా ఒక్క వంపు తిరిగి ఆగిపోతుంది. ఆ వంశం ఇప్పటికీ స్కాట్లండ్ పడమటి తీరంలో బతికే ఉంది. ఇంకొన్నిటిలో పట్టీ రెండు పక్కలా స్ప్రింగులా చుట్లు చుట్టుకుంటుంది. ఆ వంశం డైనోసార్ల కాలంలోనే అంతరించింది. పైకి రెండూ ఒకేలా ఉండవచ్చు. లోపల చూస్తే తప్ప తేలదు.

డన్‌బార్ గుల్లలో ఉన్నది ఉచ్చు అని, ఇప్పుడు బతికున్నవాటికి అది మూలపురుషుడని పార్థసారథి 1991లో వ్యాసం రాశారు. యూనివర్సిటీలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యారు. సరోజ ఏరిన ఏడింటిలో ఆరు నలిగిపోయినవి. వాటిలో ఒకదాని పగులులో ఆమెకు మూడు చుట్లు కనిపించాయి. డన్‌బార్ గుల్లలో ఉన్నది ఉచ్చు కాదని రెండు పేజీలు రాసి సంఘం పత్రికకు పంపింది. సంపాదకురాలు మోరాగ్ ఆ పేజీల్ని అభిప్రాయం కోసం పార్థసారథికే పంపారు. సముద్రపు పురుగు కట్టుకున్న గొట్టం ఏదో గుల్లలోకి కొట్టుకొచ్చి ఉంటుంది, వేయనక్కర్లేదు అని ఆయన రాశారు.

జనవరిలో సరోజ బస్సెక్కి ఎడిన్‌బర్గ్‌లో ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన కాఫీ ఇచ్చి, అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టారు.

"నేను కోసిన గుల్ల ఇదేనమ్మా. పొరలు తొమ్మిది. నీ అనుమానం తీరేదాకా చూసుకో."

గుల్లను కొంచెం అరగదీస్తారు. అరిగిన ఆ ముఖాన్ని పల్చటి యాసిడ్‌లో ముంచుతారు. యాసిటోన్ పోసి పైన ప్లాస్టిక్ పొర అంటిస్తారు. ఆరాక లాగితే ఆ ముఖం అచ్చు పొర మీదికి వస్తుంది; లోపలి పట్టీ తెగిన ప్రతిచోటా ఒక చుక్క పడుతుంది. మళ్ళీ అరగదీస్తారు. చివరికి గుల్ల ఉండదు, పొరలే ఉంటాయి.

పెట్టెలో పొరలు తొమ్మిదీ ఉన్నాయి. అన్నిటి మూలల్లో నీలం మరక ఉంది.

"అంకెలేవి సార్?"

"ఉండేవి. పెన్నుతో వేశా. యాసిటోన్ తగిలి పోయినట్టున్నాయి. వరస నాకు గుర్తే."

"మా ల్యాబ్‌లో మొదటి రోజే పెన్ను లాక్కుంటారండీ. పెన్సిలే ఇస్తారు."

"మీరు కోసేది కణితులమ్మా. ఇవి రాళ్ళు."

"కణితి వరస తప్పితే సర్జన్ రెండో పక్క కోస్తాడు సార్. రాయి నయం, కేసు వెయ్యదు."

ఆయన నవ్వారు. సరోజ స్కేలు తీసి పొరల మీది అచ్చుల్ని కొలిచింది. అన్నిటికన్నా వెడల్పైనది తొమ్మిది మిల్లీమీటర్లు. ఆయన వ్యాసంలో గుల్ల వెడల్పు పదహారు అని ఉంది.

"ముక్కు దగ్గర మొదలుపెట్టి సగం దాకా కూడా పోలేదు సార్ మీరు."

"రెండు చుక్కలు కనపడ్డాయి. ఉచ్చు తాలూకు రెండు కాళ్ళు. ఇంకెందుకు పోవడం?"

"చుట్లకైనా మొదట రెండు కాళ్ళే కదండీ."

పార్థసారథి కప్పు కింద పెట్టారు. "నీ దగ్గర నలగనిది ఒకటుందిగా? అరగదియ్యి. అందరి ముందూ. ఉచ్చు వస్తే నీ కాగితం వెనక్కి తీసుకో."

"చుట్లు వస్తే?"

"అప్పుడు నేనే సంతకం పెట్టి వెయ్యమంటా."

ఇంట్లో భర్త నరసింహం ఒప్పుకోలేదు. అతను జీపీ, అంటే పేటలో మామూలు డాక్టరు.

"ఉన్న ఒక్కటీ పొడి చేస్తావా? స్కానర్‌లో పెట్టి చూడకూడదూ?"

"చూశాను. గుల్లా సున్నమే, లోపల నిండిందీ సున్నమే. ముద్దలా వచ్చింది."

"ఆయన పెద్దాయన సరోజా. దసరా ఫంక్షన్‌లో పక్కపక్కన కూర్చోవాలి మనం."

"కూర్చుంటాను. వడ్డిస్తాను కూడా. కాగితం మాత్రం వెనక్కి తీసుకోను."

హాల్లో ఆమె పని మొదలుపెట్టే ముందు గుల్ల పై చిప్పకు పసుపు రంగు, కింది చిప్పకు నలుపు రంగు పూసి, రెసిన్ జిగురులో బిగించి తెచ్చినది చూపించింది. ల్యాబ్‌లో ప్రతి ముక్కకూ చేసేదే. తర్వాత ఎవరైనా తలకిందులు చేశావంటే రంగు చెబుతుంది. ముక్కు వైపు నుంచి ఒక్కో పొరకు 0.3 మిల్లీమీటరు అరగదీసింది. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు పట్టింది. లాగిన ప్రతి పొరనూ కాగితపు కవరులో పెట్టి, పైన పెన్సిలుతో అంకె, లోతు రాసింది. ఆ పొరను లైటు ముందు అందరికీ చూపించాకే తర్వాతది మొదలుపెట్టింది.

పదకొండున్నరకు ఏడో పొర వచ్చింది. దాని మీద రెండు చుక్కలున్నాయి. మధ్యాహ్నం నరసింహం పులిహోర డబ్బా తెచ్చాడు. మోరాగ్ రెండుసార్లు వడ్డించుకున్నారు. సరోజ తినలేదు.

మధ్యాహ్నం రెండుకు పద్నాలుగో పొర తీసింది. అప్పటికీ రెండు చుక్కలే.

"నా తొమ్మిదీ ఇలాగే ఉన్నాయమ్మా," అన్నారు పార్థసారథి. "ఇక ఆపు. మిగిలిన ముక్కన్నా దక్కుతుంది. కాగితం సంగతి నేనూ ఎక్కడా అనను."

సరోజ స్కేలు పెట్టి పొర మీది అచ్చును కొలిచి, ఆయన వైపు తిప్పింది. తొమ్మిది మిల్లీమీటర్లు.

"మీరు ఆపింది ఇక్కడే సార్. నేను ఆపను."

"ఏమీ రాకపోతే? గుల్లా లేదు, రుజువూ లేదు."

"రాలేదనే రాస్తాను. అంకె వేసి మరీ రాస్తాను."

ఆమె గాజు పలక మీద కార్బొరండం అనే గరుకు పొడి చల్లి మళ్ళీ అరగదీసింది. పదిహేనో పొరలోనూ రెండే. పదహారులోనూ రెండే. సభ్యుల్లో ఇద్దరు కోట్లు వేసుకుని వెళ్ళిపోయారు. మూడు గంటలకు పదిహేడో పొర లాగింది. నాలుగు చుక్కలు. ఒక పక్క రెండు, రెండో పక్క రెండు.

మోరాగ్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఉచ్చు మడత పడినా నాలుగు వస్తాయి," అన్నారు పార్థసారథి.

"వస్తాయి సార్. అందుకే ఇంకా అరగదీస్తున్నా."

పంతొమ్మిదో పొరలో పక్కకు నాలుగేసి. ఇరవైలో పక్కకు అయిదేసి. నాలుగు గంటల ఇరవై నిమిషాలకు ఇరవై ఒకటో పొర వచ్చింది. పార్థసారథి లేచి బల్ల దగ్గరికొచ్చి లెన్స్ అడిగారు. సరోజ ఇచ్చింది. ఆయన పొరను లైటుకు పట్టి, వేలు కదుపుతూ లెక్కపెట్టారు.

"ఆరు," అన్నారు.

లెన్స్‌ను రెండో పక్కకు జరిపారు. మొదటిసారి కంటే ఎక్కువ సేపు పట్టింది.

"ఆరు."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. బల్ల మీదున్న రెండు పేజీల కింద అభిప్రాయం రాసే చోట 'వేయవచ్చు' అని రాసి, సంతకం పెట్టి, మోరాగ్‌కు ఇచ్చారు.

సరోజ పొరను కవరులో పెట్టింది. పైన పెన్సిలుతో రాసింది: 21. లోతు 6.3 మి.మీ. కుడి 6, ఎడమ 6. కోసినది: కొమ్మూరి సరోజ.