డాక్టరమ్మ అనని మాట

కళ్లజోళ్ల షాపులో ఆమెని అందరూ జింక అనే పిలిచేవాళ్లు. పొద్దస్తమానం వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను ముందు వంగి కూర్చోవడమే ఆమె పని. సాయంత్రానికి మెడ పట్టేసేది, కళ్లు మంటలెత్తేవి. ఆ ఒళ్లు మళ్లీ విచ్చుకునేది తెల్లవారుజామున పరుగులోనే. పోటీల రోజులు దగ్గరపడితే ఇంకా ఎక్కువ పరిగెత్తేది, ఇంకా తక్కువ తినేది. ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి, చెమటలు కక్కుతూ నవ్వేది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పెళ్లయిన కొత్తలో భార్య పరుగు గురించి స్నేహితులకి గొప్పగా చెప్పుకునేవాడు. పోటీలకి వెంట వెళ్లి, ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ ఎదురుచూసేవాడు. పోనుపోనూ అది విసుగైంది. సెలవు పూట ఒక్కడే కూర్చుని టిఫిన్ తినడం మరీ విసుగైంది. పైకి మాత్రం ఏమీ అనేవాడు కాదు.

ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. ఆమెకి నెలసరి ఒక నెల వస్తే తర్వాత ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అతని తల్లి ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ గెంతులు మానిపించరా చిన్నోడా, కడుపెట్లా నిలుస్తుంది?" అని సతాయించేది. చివరికి ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. పరీక్షలయ్యాయి. ఫలితాలు చెప్పే రోజున, ఇంకోసారి రక్తం ఇవ్వమని నర్సు ఆమెని పక్క గదికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఎదురుగా అతనొక్కడే మిగిలాడు.

"మీ ఇద్దరిలో పెద్ద లోపమేమీ కనబడలేదండీ," అంది డాక్టరమ్మ. "ఆవిడ మరీ గట్టిగా పరిగెడుతున్నారు, దానికి తగ్గట్టు తినడం లేదు. నెలసరి తప్పడం అందుకే అనుకుంటున్నాను. వేగం, దూరం బాగా తగ్గించమనండి. మానక్కర్లేదు, మెల్లగా పరిగెడితే ఒంటికీ మనసుకీ మంచిదే. కాస్త ఎక్కువ తినమనండి. కొన్ని నెలలు చూసి రండి."

ఇంకేదో చెప్పబోతుండగా కాన్పు గదిలోంచి పిలుపొచ్చింది. "ఆవిడకి మీరు చెప్పండి," అంటూనే డాక్టరమ్మ వెళ్లిపోయింది.

వరండాలో మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ వచ్చింది భార్య. "ఏమన్నారు?"

"పరుగు మానేయమన్నారు," అన్నాడతను.

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలీదు. వెంటనే సర్దుకోవచ్చు. కానీ ఆమె మొహం పాలిపోయింది. "పూర్తిగానా?" అని అడిగింది. ఔనన్నాడు. ఒకసారి అన్నాక కాదనడానికి నోరు రాలేదు. మన మంచికే కదా, తగ్గించడం కన్నా మానేయడం ఇంకా మంచిదే కదా అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

ఆమె మారుమాట లేకుండా మానేసింది. బూట్లు అటక మీద పడేసింది. నిజానికి నెలసరి ఓ దారిలో పడింది కూడా. అది చూసి అతని గుండె కుదుటపడింది. అబద్ధం కాస్తా మేలే చేసిందనుకున్నాడు. కానీ నెల నెలా నెలసరి రావడమే తప్ప నెల తప్పడం లేదు. ఆమెకి నిద్ర కరువైంది. షాపు నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా మంచం మీద ముడుచుకుని పడుకునేది. ఏమైందంటే, "ఏం లేదు, ఒళ్లంతా తుప్పు పట్టినట్టుంది," అనేది.

ఒకరోజు అతని తల్లి ఫోన్ చేసింది. అతను అన్నం తింటున్నాడు. పక్కనే నిలబడి భార్య చెప్పుకుంటోంది. "ఔను అత్తయ్యా, మీరు ముందే చెప్పారు. నేనే వినలేదు. ఇన్నేళ్లు నా చేతులారా పాడుచేసుకున్నాను. నన్ను క్షమించండి."

అతను చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు. అప్పుడైనా చెప్పేసి ఉండాల్సింది. మంచినీళ్లు తాగి, తలొంచుకుని మిగతా అన్నం కలుపుకున్నాడు.

ఆ రోజు నుంచి అతనికి పని మీద దృష్టి నిలవలేదు. లిఫ్టు మోటారు దగ్గర నూనె పూస్తూ పూస్తూ ఆగిపోయేవాడు. ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ ఇంటికెళ్లేవాడు. ఆమె తలుపు తీసి, "అలిసిపోయావా?" అని అడిగితే చాలు, కూడగట్టుకున్న ధైర్యమంతా నీరుగారిపోయేది. బదులుగా పళ్లు కొనేవాడు, గిన్నెలు తోమేవాడు. "నువ్వెంత మంచోడివో," అనేది ఆమె. ఆ మాట చెంపదెబ్బలా తగిలేది.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఈసారి ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"పరుగు ఎలా సాగుతోంది?" డాక్టరమ్మ నవ్వుతూ అడిగింది.

"మానేశాను కదండీ, మీరు చెప్పారుగా."

"నేనా? తగ్గించమన్నాను గానీ మానేయమనలేదే!"

భార్య మెల్లగా తల తిప్పి అతని వైపు చూసింది. ఆమె మళ్లీ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"నేనే తప్పుగా విన్నట్టున్నానండీ," అంది.

అసలు ఆ రోజు ఆమె ఆ గదిలోనే లేదు! పరాయి మనిషి ముందు మొగుణ్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక తప్పు తన మీద వేసుకుంది. ఆ పూట అందరి ముందూ నాలుగు తిట్టినా అతను అంతగా కుంగిపోయేవాడు కాదు.

బండి దగ్గరికి వచ్చాక అడిగింది. "ఎందుకు?"

"నీ మంచికే... భయమేసి..."

"నిజం చెప్పు."

అతను బండి తాళం వంక చూస్తూ చెప్పాడు. "నీ బ్యాగు మోసుకుని కూర్చోవడం విసుగేసింది. సెలవు రోజైనా నువ్వు ఇంట్లో ఉంటావనుకున్నాను. అంతే. ఇంకే కారణమూ లేదు."

"అదేదో నాతోనే అనొచ్చుగా? వినేదాన్నేమో." అంది ఆమె. "పరుగు పోతే పోయింది. మీ అమ్మకి నేను క్షమాపణ చెప్పుకుంటుంటే నువ్వు పక్కనే కూర్చుని అన్నం తిన్నావు చూడు, అదే నాకు మింగుడుపడటం లేదు."

ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది. అతను అక్కడే ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, డాక్టరమ్మ పరుగు మానేయమనలేదే. నేనే అబద్ధం చెప్పాను. దాని తప్పేమీ లేదు."

తల్లి, "ఛీ, నీ బతుకు చెడ! ఆ పిల్ల నా దగ్గర ఎంత ఏడ్చిందిరా," అంది. మళ్లీ తనే, "నేనూ తక్కువ అన్లేదులే. దానితో నేను మాట్లాడతాను, నువ్వు పెట్టెయ్," అంది.

మర్నాడే ఆమె అటక మీంచి బూట్లు దించుకుంది. అతను తోడొస్తానంటే వద్దంది. వారం పొడుగునా ముక్తసరి మాటలే. తర్వాత తర్వాత వంటింట్లో ఒకటీ అరా నవ్వు వినబడసాగింది. డాక్టరమ్మ చెప్పినట్టే మెల్లగా, కొంచెం దూరమే పరిగెత్తి, తిరిగొచ్చి కడుపునిండా తినేది. ఆమె వచ్చేదాకా అతను టిఫిన్ ముట్టేవాడు కాదు.

ఆ నెల కూడా నెలసరి వచ్చేసింది. స్నానాల గదిలోంచి వచ్చి ఆ సంగతి చెబుతూ వంటింట్లో అతని ఎదురుగా కూర్చుంది. అతని మొహం వాడిపోయింది. "నా వల్లే..." అనబోయాడు.

"కాదు," అంది ఆమె. "ఇది నీ వల్ల కాదు, నా వల్లా కాదు. నువ్వు చేసింది వేరు, ఇది వేరు. రెంటినీ కలిపేసి నా ముందు ఏడవకు. నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదు."

అతను తలూపాడు. గుడ్లు పగలగొట్టి పెనం మీద వేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని, ఇంకొంచెం ఉప్పు వేయమంది.