గౌరి మెడలో పగులు గంట

నేను ఒక గేదె గంటను. నవ్వకండి. నన్ను పోతపోసిన రోజున కంచరి సన్యాసయ్య కొలిమి వేడికి పక్క ఊరివాళ్లు పొయ్యి వెలిగించకుండానే అన్నాలు వండుకున్నారు. అచ్చులోంచి తీసి ఆయన నన్ను ఒక్కసారి ఆడిస్తే, తాటిచెట్టు మీదున్న మనిషి ఉలిక్కిపడి నడుచుకుంటూ దిగొచ్చేశాడు. కిందికొచ్చాక గానీ మోకు పైనే మరిచిపోయానని అతనికి తెలియలేదు.

సన్యాసయ్య నన్ను పాలమ్మే పైడమ్మ చేతిలో పెట్టాడు. ఆమె గేదె పేరు గౌరి. దాని కొమ్ములు ఎంత వెడల్పంటే, ఈ చివర వాలిన కాకి అరుపు ఆ చివర కాకికి వినబడేది కాదు. గౌరికి ఆకలేసి తల ఊపితే నేను మోగేదాన్ని. పైడమ్మ ఏ వీధిలో ఉన్నా, ఎవరి పెళ్లిలో ఉన్నా లేచి నిలబడి "వస్తన్నానే గౌరీ, ఉండు!" అని కేకేసేది.

ఓసారి గౌరి జోరీగ కుట్టిందని తల విదిలిస్తే, నేను పోయి ఆగివున్న లారీకి కొట్టుకున్నాను. నా అంచున వేలెడు పగులు పడింది. లారీని మాత్రం ఇంకో లారీ లాక్కుపోయింది. అప్పట్నుంచి నా గొంతు మారింది. ఖణేల్‌మని మొదలై, చివరికొచ్చేసరికి తుమ్మెద తిరిగినట్టు జుమ్మని సాగేది. గౌరి ఆ జుమ్ము వింటేనే పాలు చేపేది.

ఒకరోజు గౌరి రోడ్డుకడ్డంగా నిలబడితే బస్సు ఆగిపోయింది. అందరూ తిడుతుంటే ఒకమ్మాయి దిగొచ్చి నాకు చెవి ఆనించింది. ఆమె పేరు హేమలత. విశాఖపట్నంలో సంగీతం చేస్తుంది. వీణా, వయొలినూ కాదు. గంటలు, ఇత్తడి పళ్లేలు, స్కూటరు బ్రేకు డ్రమ్ములు, ఇనప గొట్టాలు వేలాడదీసి వాయిస్తుంది. మొదటిసారి పెద్ద స్టేజీ దొరికింది గానీ, ఆఖరి దెబ్బకి తగిన గంట దొరకలేదు. ప్రతిదీ మోగి ఠక్కున ఆగిపోతోందట.

"ఒక్క సాయంత్రానికి ఇస్తారా పైడమ్మగారూ?"

"ఇస్తాను గానీ నాను కూడా వస్తాను. ఇంట్లో పిల్లలాటిది, ఒంటిగా అంపుతానేటి?"

అంతవరకూ బాగానే ఉంది. కచేరీ రోజు పొద్దున్నే పైడమ్మకి బెంగ పట్టుకుంది. అంతమంది ముందుకి పగిలిన గంటని ఎలా తీసుకెళ్లడం? నా పగులుకి సీసంతో మాటు వేయించింది. చింతపండేసి తోమింది. నేను ఎంత మెరిశానంటే, బస్సు డ్రైవరు దారంతా చెయ్యి అడ్డం పెట్టుకుని నడిపాడు.

హాలు దగ్గర హేమలత నన్ను ఒక్కటి కొట్టింది. ఠంగుమన్నాను. అంతే. ఆమె వంగి నాకు మళ్లీ చెవి ఆనించింది.

"ఆ జుమ్ము ఏమైందండీ?"

"మాటేయించీసినాను. సినిగిన కోకతో పిల్లని పెళ్లికంపుతామేటి?"

హేమలత మెట్టు మీద కూలబడింది. "మిగతా వాయింపంతా దీని దగ్గరికి నడిచే దారి పైడమ్మగారూ. ఇది లేకపోతే నా దగ్గరేమీ లేదు."

జనం లోపలికి వెళ్తున్నారు. పైడమ్మ నన్ను చంకనేసుకుని ఎదురుగా ఉన్న టీ బడ్డీకి నడిచింది.

"గిన్ని దించు బావూ. పొయ్యి కావాల."

బడ్డీ అతను నన్ను చూశాడు. "గంట ఎంతసేపు మరగాలప్పా? అల్లం ఎయ్యమంటావా?"

"నీ నోట్లో ఎయ్యి. దించు ముందు!"

హేమలత పరుగెత్తుకొచ్చింది. "వద్దండీ! వేడికి పూర్తిగా చీలిపోతే?"

పైడమ్మ చెయ్యి ఆగింది. నా గుండె కూడా. "సీలిపోతే గౌరికి ఏదోటి సెప్పుకుంటాను. నీకు ఏటి సెప్పుకోను తల్లీ?" అని నన్ను మంట మీద పెట్టేసింది.

సీసం కన్నీళ్లలా కారింది. పగులు ఇంకో గింజంత సాగింది, అక్కడే ఆగింది. ఇసకలో కప్పి చల్లార్చారు.

స్టేజీ మీద ఏం విన్నానో ఎలా చెప్పను! పళ్లేన్ని కొట్టి నీళ్లలో ముంచితే దాని మోత మైనంలా వంగింది. బ్రేకు డ్రమ్ములు కోవెల గంటల్లా పలికాయి. ఇన్నేళ్లూ నేనే గొప్ప అనుకున్నాను, బుద్ధొచ్చింది. చివరికి అన్నీ ఆగాయి. హేమలత నన్ను ఒక్కటి కొట్టింది.

ఖణేల్... జుమ్మ్‌మ్...

హాల్లో తిరిగే ఫ్యాన్లు కూడా ఆగి విన్నాయి. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలోంచి ఒక కేక.

"వస్తన్నానే గౌరీ, ఉండు!"

పైడమ్మ కొంగు దోపుకుని నిలబడి పాల తెపాళా కోసం కుర్చీ కింద వెతుకుతోంది. ముందు హేమలత నవ్వింది. తర్వాత హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సముద్రం ఇదేం హోరని రెండడుగులు వెనక్కెళ్లింది.

ఇప్పుడు నేను మళ్లీ గౌరి మెడలోనే ఉన్నాను. కచేరీ ఉంటే కబురొస్తుంది, నేనూ పైడమ్మా బస్సెక్కుతాం. ఈసారి మాత్రం లేవకూడదని పైడమ్మ ఒట్టు పెట్టుకుని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూచుంటుంది.

నేను మోగుతాను. ఆవిడ లేస్తుంది.