మగ్గం గుంతలో పచ్చగాజులు

అక్షరాలు ఆలస్యంగా పట్టుబడిన చేయి ఇది. ఒత్తులు తప్పుతాయి, వరుస వంకర పోతుంది. నిదానంగా రాశాను, నిదానంగానే చదవండి.

మట్టిలో పచ్చటి గాజు ముక్క.

తడి మట్టి… దాని మీద ఇంత వెలుగు.

కొత్తవాడలో చిలుకమ్మ వాళ్ళ పాత మగ్గం గదిని కూలుస్తుంటే, గుంత అడుగున ఎముకలు బయటపడ్డాయి. పోలీసులు వచ్చారు. వాళ్ళ వెనుక లిదియా వచ్చింది — మట్టిని పొరపొరగా విప్పి, చచ్చినవాళ్ళ సంగతి చెప్పే డాక్టరమ్మ.

కుంచెతో ఊడ్చింది. పక్కటెముకల నడుమ తుపాకీ గుండు. రజాకార్ల కాలం నాటిది. చిలుకమ్మ ఎంగిలి తీసుకుపోయి పరీక్ష చేయించింది.

"మీ నాయినే, అవ్వా."

నాయిన.

చిలుకమ్మ కడుపులో ఉండగానే షోలాపూర్ పోయినవాడు. అమ్మ అట్లాగే చెప్పింది. వీధి ఇంకో మాట కలిపింది.

"ఆడ ఇంకోదాన్ని ఉంచుకున్నడంటనే చిలుకా! నీకు తమ్ముండ్లు గూడ ఉన్నరేమో!" పక్కింటి మొగిలమ్మ నవ్వేది.

చిలుకమ్మ నవ్వలేదు. మొహం తెలియని మనిషిని బతుకంతా అసహ్యించుకుంది. తన పెళ్ళిలో నాయిన పేరు చెప్పమంటే మూతి తిప్పుకుంది.

అమ్మకు మాత్రం చేతినిండా పచ్చగాజులు. నుదుట రూపాయంత బొట్టు. కప్పు కురిసినా మగ్గం కదలనీయలేదు. ఆ గుంతలోనే కాళ్ళు పెట్టుకుని జంపఖానాలు నేసింది… నేసింది…

లిదియా అరచేయి చాపింది. గాజు ముక్కలు.

"ఇవి ఎముకల మీది మట్టిల దొరికినయి. పూడ్చేటప్పుడే పడ్డయి. ఎవరో ఈడ కూసొని పగలగొట్టుకున్నరు, అవ్వా."

చిలుకమ్మకు ఒక చేయి గుర్తుకొచ్చింది.

తన పెనిమిటి పోయినప్పటి సంగతి. "ముత్తైదువవు, నువ్వు ముట్టుకోవద్దు వదినా" అని అందరూ ఆపినా అమ్మ వచ్చింది. చిలుకమ్మ మణికట్టు కింద కొంగు మడిచి పెట్టింది. ఒక్కొక్క గాజూ మెల్లగా పగలగొట్టింది. చేతికి గీత కూడా పడలేదు.

అమ్మకు అది ఎట్లా తెలుసు?

అప్పుడు అడగలేదు.

అమ్మ ఇక్కడే కూచుంది. పగలగొట్టుకుంది. ఏడుపు మింగింది. తెల్లారి కొత్త గాజులు తొడుక్కుంది — విధవనంటే శవమేదని అడుగుతారు. కాలం మారాక కూడా ఎందుకు దాచింది? నాయినను రజాకార్లకు పట్టించినవాడు ఆ వీధిలోనే ఉన్నాడా? నవ్విన వాళ్ళలోనే ఉన్నాడా?

అమ్మ బొట్టుతోనే పోయింది. పుణ్యాత్మురాలు అన్నారు అందరూ.

"ఒక్క ముక్క నాకియ్యి బిడ్డా."

"కేసుల పెట్టాలె అవ్వా…" అంది లిదియా. అని, అటు తిరిగి చాలాసేపు కుంచె దులిపింది.

పిడికిట్లో పచ్చటి గాజు ముక్క.

దాని మీద ఇంత మట్టి…

— చిలుకమ్మ, డెబ్బై ఏడేళ్ళు. ఇప్పుడు ఉండేది స్టేషన్ ఘన్‌పూర్‌లో, బిడ్డ ఇంట్లో.