రెండో టిక్కు

పదకొండో కప్పను గుడ్డసంచిలో వేసి తోమాసు మూతి బిగించాడు. ఇంకొకటి కావాలి. పది గంటలకు కాలేజీలో పియుసి పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష, పన్నెండు మందికి తలా ఒక కప్ప. మానేరు పక్క వరిమళ్లలో మార్చిలో కూడా తడి ఉంటుంది. తొమ్మిదేళ్లుగా తెల్లవారీ తెల్లవారకముందే ఇక్కడికి రావడం, పట్టినవాటిని క్లోరోఫారం సీసాలో వెయ్యడం, మైనపు పళ్లెంలో వెల్లకిలా పెట్టి గుండుసూదులు గుచ్చడం అతని పని. ఫార్మలిన్ తాకీ తాకీ వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి, తోలు లేచిపోయి ఉంటాయి.

"కప్ప గుండెల మూడు గదులు. రెండు కర్ణికలు, ఒక జఠరిక," అని గొణుక్కుంటూ ఒడ్డు కింద గడ్డిలో కాలు పెట్టాడు. మడమ మీద చీమ కుట్టినట్టయింది. నల్లటిదేదో గడ్డిలోకి జారిపోయింది. వంగి చూసుకుంటే చిన్న చుక్కలు రెండు, అంతే. పన్నెండో కప్ప అక్కడే దొరికింది.

మెట్రిక్‌లో తోమాసు అన్నీ గట్టెక్కాడు, జీవశాస్త్రం తప్ప. రెండుసార్లు పోయింది. ఊళ్లో పిల్లలందరికీ కప్పను సిద్ధం చేసిచ్చేవాడు కప్ప గురించి రాయలేక తప్పాడంటే నవ్వొస్తుంది. నవ్వినవాళ్లు ఉన్నారు కూడా. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాడు. చేతికి తెలిసినదంతా తెలుగు పుస్తకపు మాటల్లోకి రాదు. రేపు మూడోసారి. పాసైతే ల్యాబ్ అసిస్టెంటు. ఈసారి తప్పితే ఆ ఖాళీ ఇంకొకరికి ఇచ్చేస్తామని ప్రిన్సిపాలు చెప్పేశాడు.

అందుకే అట్ట ఊడిన ఒక గైడు కొన్నాడు. నూటయాభై ప్రశ్నలు, నూటయాభై జవాబులు. జవాబు కంఠతా వస్తే పక్కన పెన్సిల్‌తో ఒక టిక్కు. అదే సంగతి ల్యాబులోనో పొలంలోనో కళ్లారా చూస్తే రెండో టిక్కు. రెండు టిక్కులున్నదాన్ని ఇక మరిచిపోయేది లేదని అతని నమ్మకం.

ఇంటి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే భార్య ఆనందమ్మ చుక్కలు చూసింది.

"ఇదేంది? ఏం కరిచింది?"

"నీళ్ల పాము గావచ్చు. వాపు లేదు, మంట లేదు. బుక్కుల రాసే ఉన్నది, విషం లేకుంటే గిట్లనే ఉంటదని."

"బుక్కేమన్న డాక్టరా? దవాఖానకు పోదాం పా, నీ కాల్మొక్త."

"దవాఖాన్ల పండవెడ్తె రేపు పరీక్ష ఎవలు రాస్తరు? ఫికర్ చెయ్యకు."

ఆమె కొంగు తల మీదికి లాక్కుని ప్రార్థన చేసింది. అతను గైడు తెరిచి ఏదో రాసుకుని, సంచి భుజానేసుకుని పోయాడు.

పదకొండు గంటలకు కడుపులో నొప్పి మొదలైంది. పొద్దున ఏమీ తినలేదు కదా అనుకున్నాడు. మంచినీళ్లు తాగబోతే గొంతు దిగలేదు. కత్తెరలు అందిస్తుంటే కనురెప్పలు వాటంతటవే వాలిపోతున్నాయి. జువాలజీ లెక్చరరు రామచంద్రం నవ్వాడు.

"ఏంది తోమాసు, నిలవడే నిద్రవోతున్నవ్? రాత్రంత సదివినవా?"

"సదివిన సార్."

"ఈసారన్న పాసైతవా?"

"అయిత సార్." నాలుక మొద్దుబారి, మాట ముద్దముద్దగా వచ్చింది.

అతని వెనక బీరువాలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. కట్లపాము కాటు వాయదని, మండదని, కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలతాయని అందులో ఒక పేజీ ఉంది. పరీక్షలో రాదని గైడు రాసిన పెద్దమనిషి ఆ పేజీని మింగేశాడు. ఆ ఇంగ్లీషు పుస్తకం దుమ్ము దులిపేది రోజూ తోమాసే.

ఒంటిగంటకు పిల్లలు వెళ్లిపోయారు. తోమాసు పళ్లేలు కడగలేదు. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. "జర ఒరుగుత సార్. నాలుగింటికి లేపుండ్రి, ఇంక రెండు పేజీలున్నయ్," అని సామాన్ల గదిలో గోనెపట్టా మీద పడుకున్నాడు.

నాలుగింటికి రామచంద్రం లేపబోయాడు. ఒళ్లు చల్లగా ఉంది. మడమ మీది చుక్కలు చూశాక ఆయనకు అంతా అర్థమైంది. పొద్దున తను నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆనందమ్మకు కబురు పంపి, వచ్చేదాకా అక్కడే కూలబడ్డాడు. చొక్కా జేబులోంచి హాల్ టికెట్టు సగం బయటికొచ్చి ఉంది. గైడు తల పక్కన తెరిచి ఉంది.

విషం లేని పాము కాటును ఎలా గుర్తిస్తారు? వాపు ఉండదు, మంట ఉండదు. ఆ జవాబు పక్కన పాత టిక్కు ఒకటి మసకబారింది. దాన్ని ఆనుకుని ఇవాళ పొద్దున పెట్టిన రెండోది నల్లగా ఉంది.