వదిన ఎడమ కణత

కడుపులో బిడ్డను చూసే మిషన్‌తో నేను మనుషుల మెదళ్లు చూస్తానంటే ఎవరూ నమ్మరు. నమ్మించే ఓపిక నాకూ లేదు. చెవికి కాస్త ముందు, కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుంది. అక్కడ జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే శబ్దం లోపలికి వెళ్లి తిరిగొచ్చి స్క్రీన్ మీద బొమ్మవుతుంది. మెదడు నట్టనడుమ సీతాకోకచిలుక ఆకారంలో నల్లటి భాగం ఒకటి కనిపిస్తుంది. పార్కిన్సన్స్ జబ్బున్న చాలామందికి దాని రెక్కలో ఒకచోట తెల్లగా మెరుస్తుంది. చెయ్యి వణికే మనిషిది ఆ జబ్బేనా, వేరే వణుకా అని డాక్టరుగారు ఎటూ తేల్చుకోలేనప్పుడు నా గదికి పంపిస్తారు.

ఆ తెలుపొక్కటే తీర్పు కాదు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా పదిమందిలో ఒకరికి ఉంటుంది, వాళ్లలో ఎక్కువమంది నిక్షేపంగా బతికేస్తారు. ఈ మాట రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాను. నమ్మే చెబుతాను.

పెద్దవయసు ఆడవాళ్లకు కణత ఎముక మందంగా ఉండి, చాలాసార్లు స్క్రీన్ మీద బూడిదరంగు తప్ప ఇంకేమీ రాదు. అలాంటిది అరవై దాటిన మా వదినకు అద్దంలో చూసినంత స్పష్టంగా వస్తుంది. వదినంటే మా ఆయన అక్క. భర్త పోయాక మా పై వాటాలోకి వచ్చేసింది, మా ఆసుపత్రిలోనే దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిలో పనిచేస్తుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి కొత్త డాక్టర్లు వచ్చినప్పుడల్లా, ముందు జబ్బు లేని తల చూపించాలి కదా, కిందికి కబురు పెడతాను. భోజనాల వేళ ఆవిడ చీరకు అంటుకున్న దారప్పోగులతో వచ్చి మంచమెక్కి పడుకుంటుంది.

"ఏమంటోంది మరదలా, నా తలకాయ?" అని అడిగేది, జెల్ తుడుచుకుంటూ.

"నార్మల్ వదినా. లోపల ఏమీ లేదు."

"ఆ సంగతి మా తమ్ముణ్ణి నీకిచ్చి చేసిన రోజే తేలిపోయిందిగా!"

కొత్త డాక్టర్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆవిడ నోటి ముందు నా నోరు ఏపాటిది.

మా గదిలో మంచం గోడకు ఆనించి ఉండేది. కుడి కణత మీద చెయ్యడం తేలిక. ఎడమ వైపు చూడాలంటే మనిషిని లేపి, కాళ్లున్న చోట తల పెట్టించి మళ్లీ పడుకోబెట్టాలి. రోగులకు ఆ తిప్పలు తప్పనిచ్చేదాన్ని కాదు, ఎందుకంటే ఏ కణత మీద ప్రోబ్ పెడితే ఆ పక్క రెక్కనే నమ్మకంగా కొలవగలం. వదినకు మాత్రం ఎన్నడూ అలా చెయ్యలేదు. ఆవిడ రోగి కాదు కదా. ఆవిడ మా నార్మల్.

ఈమధ్య గోడలకు రంగులేశారు. మంచం గది మధ్యకు జరిపినవాళ్లు తిరిగి గోడకు జరపలేదు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అవతలి పక్క నిలబడి, ప్రోబ్ తీసుకుని వదిన ఎడమ కణత మీద పెట్టింది.

"మేడమ్, ఇటు తెల్లగా ఉంది. కొలవమంటారా?"

"స్క్రీన్ వెలుతురు ఎక్కువ పెట్టారు. తగ్గించండి."

తగ్గించింది. తెలుపు అలాగే ఉంది.

"ప్రోబ్ అలాగేనా పట్టుకునేది? ఇవతలికివ్వండి!" అని లాక్కున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా గొంతు. ఎలా వంచి పట్టుకున్నా, ఎంత ఒత్తి పెట్టినా ఆ తెలుపు అక్కడే ఉంది. కొలవక్కర్లేదు, చాలా పెద్దదే. మిషన్ వేడెక్కిందని చెప్పి ఆపేశాను.

"ఏమంటోంది మరదలా, నా తలకాయ?"

"బాగానే ఉంది వదినా."

వదిన కణత తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నేను గుమ్మంలో నిలబడి, వరండా పొడుగునా ఆవిడ నడక చూశాను. ఎడమ చెయ్యి ముందుకూ వెనక్కూ ఊగుతోంది. కుడి చెయ్యి ఏదో సంచీ మోస్తున్నట్టు పక్కకు అతుక్కుని ఉంది. మెదడు ఎడమ పక్క నడిపించేది కుడి చేతినే.

దీపం కిందే చీకటి అంటారు. ఎక్కడినుంచో వచ్చిన మనిషి నా గది గడప దాటి రెండడుగులు వేస్తే చాలు, చేతులు చూస్తాను. రోజూ మెట్ల మీద ఎదురయ్యే మా వదిన చేతులు చూడలేదు. ఆమధ్య ఆవిడ కుట్టిన దిండు గలీబుల అంచులు వంకర పోతున్నాయని గొణిగింది నేనే. స్టవ్ మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న ఆవిణ్ణి, "ముక్కు అద్దెకిచ్చారా వదినా?" అని ఎగతాళి చేసిందీ నేనే. వాసన తెలియకపోవడం కూడా ఈ జబ్బు ముందే వేసే అడుగని కొత్త డాక్టర్లకు పాఠం చెప్పేదాన్ని.

ఆ మధ్యాహ్నమంతా నాతో నేను బేరమాడాను. ఆ పదిమందిలో ఒకరు మా వదిన ఎందుకు కాకూడదు? స్క్రీన్ మీది తెలుపును ఆ లెక్కలో వేసెయ్యొచ్చు. ఊగని చేతిని ఏ లెక్కలో వెయ్యను? చెప్పకపోతే ఆవిడ మందు లేకుండా రోజులు వెళ్లదీస్తుంది, ఎక్కడో మెట్ల మీద పడుతుంది. చెబితే మా మామగారు కళ్ల ముందుకొస్తారు. ఆయనకూ ఇదే. వయసు మీద పడిందనుకుని ఏళ్లు గడిపేశారు, చివరాఖరికి గానీ పేరు తెలియలేదు. మంచం మీద పక్కకు తిప్పడానికి కూడా మనిషి కావాల్సొచ్చిన ఆయనకు అన్నీ చేసింది వదినే. ఏమవుతుందో ఆవిడకు నేను చెప్పనక్కర్లేదు. అందుకే నాకు అంత భయమేసింది.

సాయంత్రం కుట్టుగదికి వెళ్లాను. మిగతావాళ్లు వెళ్లిపోయారు. వదిన ఒక్కర్తే దుప్పట్లు మడత పెడుతోంది.

"వదినా, మధ్యాహ్నం మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు. నిజం చెప్పేటప్పుడు నువ్వు వెక్కిరిస్తావు. ఇవాళ వెక్కిరించలేదు."

"ఎడమ పక్క తెల్లగా ఉంది. అదొక్కటీ చూసి జబ్బని చెప్పలేం. కానీ మీ కుడి చెయ్యి..."

"ఊగట్లేదు" అంది, నా మాట అందుకుని. "నాన్నకీ ముందు చెయ్యే ఆగింది."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు, ఆవిడ మీదే చూపించాను. "తెలిసి కూడా ఒక్క మాట చెప్పలేదేం? ఇదే ఆసుపత్రిలో నేనుండి ఏం లాభం?"

వదిన దుప్పటి పక్కన పెట్టింది.

"నువ్వు చూస్తూనే ఉన్నావుగా. అన్నం మానుకుని నీ దగ్గరికి ఊరికే వచ్చాననుకున్నావా? చెయ్యి బరువెక్కినట్టు అనిపించినప్పుడల్లా, నువ్వెప్పుడు కబురు పెడతావా అని చూసేదాన్ని. నువ్వు నార్మల్ అనేదానివి. సరే, కుట్టుమిషన్ పాతదైపోయింది, తప్పు దానిదే అనుకునేదాన్ని. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టేది."

నేను స్టూలు మీద కూలబడ్డాను. ఇన్నాళ్లూ ఆవిడ నాకు తల అరువిస్తోందనుకున్నాను. ఆవిడ వచ్చింది నా జవాబు కోసం.

"నేను చూసింది సగమే వదినా. రెండో పక్క ఎప్పుడూ చూడలేదు."

ఏడుపొచ్చేసింది. వదిన పక్కన పెట్టిన దుప్పటి మళ్లీ తీసి మడత పూర్తిచేసింది.

"నిన్ను తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియట్లేదే," అంది చివరికి. "ఆ సగంతోనే ఇన్నాళ్లూ నిద్రపోయాను."

మర్నాడు డాక్టరుగారు ఆవిడ చేత బొటనవేలికి చూపుడువేలు టకటకా కొట్టించారు, మణికట్టు తిప్పి చూశారు, నడిపించారు. నా బొమ్మలు అన్నిటికన్నా ఆఖరున చూశారు. ఆ జబ్బేననీ, ఇంకా మొదట్లోనే ఉందనీ, మందులకు బాగా లొంగుతుందనీ చెప్పారు. తెలుపు పెద్దగా ఉన్నంత మాత్రాన జబ్బు పెద్దదని కాదని కూడా చెప్పారు. వదిన అన్నీ బుద్ధిగా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"మా నాన్నకుంది, నాకొచ్చింది. మా తమ్ముడికి?"

"రావాలనేం లేదమ్మా. ఎక్కువమందికి రాదు."

"రాదని రాసిస్తారా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అలా ఎవరూ రాసివ్వలేరన్నారు.

మా ఆయన బస్సు డ్రైవరు. ఇంటికెళ్లే దారిలో వదిన నా భుజం పట్టుకుని ఆపింది. "వాడికి నేనే చెబుతాను. నువ్వు దగ్గర ఉండకు. నువ్వుంటే వాడు నా జబ్బు గురించి వినడు, నీ మొహంలో తన జబ్బు వెతుక్కుంటాడు."

ఆ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి నేను వంటింట్లోకి తప్పుకున్నాను. హాల్లోంచి వదిన గొంతు వినిపిస్తోంది, మధ్యమధ్య ఆయన "ఊఁ" అనడం. ఆ తర్వాత "నేనున్నాను కదక్కా" అన్నారు. వదిన మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు.

"రేపు బస్సు తియ్యనా, వద్దా?"

మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పని గురించి నన్నొక మాట అడగడం అదే మొదలు. నేను ఆయన చేతుల వైపు చూశాను. రోగి చేతులు చూసినట్టే చూశాను, ఆయనకది తెలిసింది.

"తియ్యండి" అన్నాను. "మీకేమీ లేదు" అనలేకపోయాను.

సరేనని తలూపి, స్నానానికని వెనక్కి తిరిగారు. నేను చూస్తూనే ఉన్నాను. రెండు చేతులూ ఊగాయి. రేపూ చూస్తాను, ఎల్లుండీ చూస్తాను, ఇక చూడకుండా ఉండటం నా వల్ల కాదు. అది ఆయనకూ అర్థమైనట్టుంది. హాలు దాటేదాకా, నా కోసమని, చేతులు మామూలుకన్నా కాస్త ఎక్కువగానే ఊపుకుంటూ నడిచారు.